నేను సరిచేయని రెండు గిన్నెలు

ఎన్నో ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. సభలో చప్పట్లు మోగినప్పుడల్లా దాని బరువు పెరుగుతుంది. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నేను జలతరంగం వాయిస్తాను. పింగాణీ గిన్నెల్లో నీళ్లు పోసి, సన్నని వెదురు పుల్లలతో తడుతూ వానను, చెరువు అలలను పలికిస్తాను. నేర్పింది మా సార్. మాది వరంగల్‌లో మరమగ్గాల ఇల్లు. ఆ రొదలో పెరిగిన నన్ను హసన్‌పర్తి చెరువు గట్టున కూర్చోబెట్టి, “జర సప్పుడు చెయ్యకుండ ఇను బిడ్డా” అన్నారు. నీటికి ఇన్ని గొంతులుంటాయని అప్పుడే తెలిసింది. ఆయన లేకపోతే నేనేం వినేదాన్ని?

తర్వాత ఆయనకు వినికిడి తగ్గింది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. కచేరీకి ముందు ఒక్కో గిన్నెలో చెంచాతో నీళ్లు పోసో తీసో శ్రుతి సరిచేసేది నేనే. నా చెవులను నమ్మి ఆయన వాయించేవారు.

ఒకసారి హన్మకొండలో, చెరువు మీద వాన పడే తీరుకు నేను కట్టిన వరుసను వాయించారు. నా పేరు చెప్పలేదు. మరిచిపోయారా? కావాలనే దాచారా? అడిగితే సరిపోయేది. అడగలేదు. తర్వాతి కచేరీకి ముందు రెండు గిన్నెల్లో నీళ్లు ఎక్కువయ్యాయని తెలిసి కూడా, అంతా బాగుందన్నట్టు ఆయనకు తల ఊపాను.

జనం ముఖముఖాలు చూసుకున్నారు. కొందరు నవ్వారు. ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అయినా చివరిదాకా వాయించారు.

బయటికొచ్చాక అడిగారు. “జనం నవ్విన్రు. శ్రుతి తప్పిందా బిడ్డా?”

“గిన్నెలు మంచిగనే ఉన్నయి సార్.”

“గట్లయితె నా చెయ్యే తప్పినట్టుంది. ఇగ చాలు.”

ఆయన మళ్లీ వాయించడానికి వేదిక ఎక్కలేదు. గిన్నెలన్నీ నాకే ఇచ్చేశారు. నా మొదటి కచేరీలో తానే మైకు తీసుకుని, “ఈ వాన వరుస నా బిడ్డ కట్టింది. అప్పుడు చెప్పుడు మరిచిన” అన్నారు.

మరిచిపోయారు. అంతే.

ఆయన కాళ్లకు మొక్కిన ప్రతిసారీ నిజం నోటిదాకా వచ్చి ఆగింది. పోయిన వానాకాలం ఆయన కన్నుమూశారు. నాకు ఉన్నదంతా ఆయన పెట్టిందే. క్షమించమని, ఇది వింటున్న మిమ్మల్ని అడగను; ఆ క్షమ మీరు ఇవ్వగలిగేది కాదు. సార్, ఆ రోజు మీ చెయ్యి తప్పలేదు. నేనే తప్పు చేశాను. ఇన్నాళ్లకు అనగలిగాను.