పెట్టె మూత మీది రాత

ఆ రోజు నరసరావుపేటలోని మా షాపులో ఉన్నవి ఇవి. చెక్క మీద అక్షరాలు కాల్చే లేజర్ మిషన్. దాని డోరుకు లోపలివైపు నేను బిగించిన కెమెరా. మిషన్‌లో ఒక టేకు పెట్టె మూత. బయట బెంచీ మీద రోజమ్మ పిన్ని. లోపల నేను. జరిగింది చూసింది నేనొక్కడినే. నాలుగేళ్ళుగా దాన్ని మోస్తున్నాను. ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను.

పిన్నిది మా వీధే. భర్త ఇన్నయ్య బాబాయి వడ్రంగి. పెళ్ళయిన కొత్తలో ఆమెకొక పెట్టె చేసి, మూత లోపల పెన్సిల్‌తో రాశాడు: "రోజమ్మకు నా చేత్తో చేసిన పెట్టె." ఆయన రాతలో మిగిలింది అదొక్కటే. ఆయన పోయాక రోజూ తడిమి తడిమి అదీ చెరిగిపోసాగింది. ఆ గీతల మీదే కాల్చి నిలపమని మూత విప్పించి తెచ్చింది.

కెమెరా పైనుంచి చూపే బొమ్మ మీద కంప్యూటర్లో గీత పెడితే, మిషన్ సరిగ్గా అక్కడే కాల్చాలి. కొనేటప్పుడు రెండు రకాలు చూశాను. ఒకటి గోడకు స్టాండు కొట్టి ఎత్తున బిగించాలి. అంచుల దాకా తేటగా చూపిస్తుంది. రెండోది డోరుకే అతుక్కుంటుంది. నడిమి తేట, అంచులు మసక. గోడకు రంధ్రాలు వేయడానికి బద్ధకించి రెండోది కొన్నాను. కొన్నాక పల్చటి ప్లైవుడ్ పెట్టి, గీత ఎక్కడ పడుతుందో సరిచూశాను. చెక్క మందం మారితే మళ్ళీ సరిచూడాలి, లేకపోతే గీత పక్కకు జరుగుతుంది. అది నాకు తెలుసు. ఆ మందపాటి మూతకు మాత్రం చేయలేదు. ఎందుకు? తొందర అనలేను. ఆమె తొందరపెట్టలేదు.

నడిమిన తేటగా కనిపించిన "రోజమ్మకు నా" వరకు ముందు కాల్చి, మూత జరిపి మిగతాది చేద్దామనుకున్నాను. కాలిన గీతలు పెన్సిల్ గీతల మీద పడలేదు. కాస్త కిందగా పడ్డాయి.

అప్పుడే బయటికి వెళ్ళి చెప్పి ఉంటే, చెడింది ఐదక్షరాలే. వాటి బొమ్మ కంప్యూటర్లో ఉంది. నేను ఉప్పు కాగితం తీసుకున్నాను. మసి పోయేదాకా రుద్దాను. రుద్దినచోట చెక్క తెల్లబడితే, తేడా తెలియకూడదని మూతంతా రుద్దాను. ఊదితే పొడి లేచింది. మిగతా అక్షరాలు ఆ పొడిలో ఉన్నాయి. జేబులో ఫోన్ ఉంది. ముందుగా ఒక్క ఫొటో ఎందుకు తీయలేదు?

కంప్యూటర్లోని బొమ్మలో మొదటి ఐదక్షరాలు తేటగానే ఉన్నాయి, మిగతా ఏడూ అంచున మసక మచ్చలు. వాటి మీద నేనే అక్షరాలు గీశాను. ఈసారి మందం కొలిచి, సరిచూసి కాల్చాను. వెంట్రుకవాసి తేడా రాలేదు.

పిన్ని వేలితో తడిమింది.

"నా పేరు కాడ ఇట్టానే నొక్కి రాస్తాడురా. ఆ తర్వాతంతా కోడి కెలికినట్టే." వేలు వాక్యం చివరకు వెళ్ళి ఆగింది. "ఏందిరా అబ్బాయ్, ఈడ ఇంత కుదురుగా ఉంది? నువ్వేమన్నా దిద్దావా?"

"లేదు పిన్నీ. ఆయన రాసింది రాసినట్టే."

"అయితే నేనే సరిగ్గా చూడలా. మీ బాబాయిని చానా తిట్టా పాపం, నాకాడికొచ్చేసరికి నీకు అన్నీ సగం సగమేనని." నవ్వింది. వెంటనే కళ్ళు తుడుచుకుంది.

క్రిస్మస్‌కు వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా పెట్టె తెరిచి చూపిస్తుంది. ఇప్పుడామె వేలు తన పేరు దగ్గర ఆగదు. నేరుగా చివరకు వెళుతుంది. ఆయన ఆఖరి దాకా శ్రద్ధగానే రాశాడని ఆమెకు కలిగిన ఊరట నా గీతల మీద నిలబడి ఉంది. చెబితే ఏం లాక్కుంటాను? చెప్పకపోతే ఏం దాచుకుంటున్నాను? ఆమె కోసమే చెప్పలేదని అనుకుంటాను. కాని ఉప్పు కాగితం తీసుకున్నదీ ఈ మనసే కదా, దాని మాట ఎట్లా నమ్మను?

కెమెరాను గోడ మీదికి మార్చాను. ప్రతి చెక్కకూ మందం కొలుస్తున్నాను. దానివల్ల ఆ పొడి తిరిగి అక్షరాలుగా మారదు. ఇది ఇలా రాశాక మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది.

ఆ మూత మీద పన్నెండు అక్షరాలున్నాయి. ఐదు ఆయనవి. ఏడు నావి.