మొదటి బటన్

మా వీధిలో అందరూ 'డ్రైవర్ కాక' అని పిలిచే పెద్దాయన ముప్పై ఏళ్లు కిరాయి జీపు నడిపాడు. ఏ దారి గురించి అడిగినా ముందు కళ్లు మూసుకుని, స్టీరింగ్ పట్టినట్టు చేతులు తిప్పేవాడు.

కుటుంబాలు కలిసి ప్రయాణాలకు ప్లాన్ వేసుకునేందుకు నేనొక వెబ్‌సైట్ తయారుచేస్తూ, కోమటి చెరువు కట్ట మీద ఆయనకు ఫోన్‌లో చూపించాను. దూరాలు, పెట్రోలు లెక్క, ఫోటోలు పంచుకునే చోటు అన్నీ ఉన్నాయి.

కాక కళ్లు మూసి చేతులు తిప్పుతూ, సగం దారిలో ఆగిపోయాడు.

"అంత మంచిగనే ఉన్నది బిడ్డా. మరి ఆడోళ్లు యాడ దిగుతరు?"

నాకు సిగ్గేసింది. ఆ వారమంతా ఆయన చెబుతుంటే, దారుల్లో శుభ్రమైన మరుగుదొడ్లున్న పెట్రోలు బంకులన్నీ ఎక్కించాను. వాటిని చూపేదే ఇప్పుడు సైట్‌లో మొదటి బటన్.

మొన్న వేములవాడకు బయల్దేరేముందు, ప్రయాణమంటే పొద్దుటినుంచీ గొంతు తడుపుకోని మా అమ్మ ఆ బటన్ నొక్కి చూసుకుని, చెంబెడు నీళ్లు తాగింది.