చెన్నూరు పిల్లలకు సముద్రం చెప్పబోయి

సముద్రతీరపు చిత్తడి నేలల గురించి, అక్కడి జీవుల రక్షణ గురించి ప్రసంగించమని చెన్నూరులోని ఒక ప్రభుత్వ పాఠశాల వారు నన్ను ప్రత్యేకంగా ఆహ్వానించారు.

ఇలా రాస్తే చదవడానికి బాగుంటుంది. జరిగింది వేరు. మా చెల్లెలి బిడ్డ సరిత ఆ బడిలో సైన్సు టీచరు. ఒక ఆదివారం ఫోన్ చేసింది. "మామా, మా ఏడో తరగతికి మడ అడవుల పాఠం వచ్చింది. పోరగాండ్లు సముద్రమే సూడలే. నువ్వు గల్ఫ్‌ల గా చెట్లు నాటినవ్ గద, జర వచ్చి చెప్పరాదు?"

నేను గల్ఫ్‌లో తొమ్మిదేళ్లు పని చేశాను. సముద్రపు బురదలో పెరిగే ఆ చెట్లను నా చేతులతో నాటానని ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లలో, పంచాయతీ అరుగుల మీద, పత్తి మార్కెట్లో బండ్ల దగ్గర చెబుతూ వచ్చాను. సరిత అది వింటూ పెరిగిన పిల్ల. కాబట్టి రానని ఎలా అంటాను?

గురువారం పొద్దున పదింటికి మా ఊరి ఆటో సమ్మయ్య నన్ను జమ్మికుంట స్టేషన్‌లో దింపాడు. "కాకా, ఇస్త్రీ అంగీ ఏసినవ్. పెండ్లిచూపులా?" అన్నాడు. బడి పిల్లలకు ఉపన్యాసం ఇవ్వబోతున్నానని చెప్పాను. "వెయ్యి చెట్లు నాటినోన్ని, పిలువక ఏం చేస్తరు?" అని కూడా అన్నాను.

కాగజ్‌నగర్ వైపు పోయే రైలు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నా వయసు చూసి ఎవరో కిటికీ సీటు ఇచ్చారు. కాదు, రైలు ఆగకముందే కిటికీలోంచి తువ్వాల విసిరి నేనే పట్టుకున్నాను. అలవాటైన చేయి.

ఎదురుగా సీతాఫలాల గంపతో ఒకావిడ. మంచిర్యాలలో అమ్ముకోవడానికి పోతోంది.

"ఎటు వోతున్నవ్ పెద్దయ్యా?"

"చెన్నూరు బడిల పోరగాండ్లకు సముద్రం గురించి చెప్పవోతున్న చెల్లే."

"చెన్నూరుల సముద్రమేడిది? గోదారి ఉన్నది గని ఎండకాలం అండ్ల బర్లు నడిచివోతయ్."

బోగీలో నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. సముద్రంలో అడవి నాటినవాణ్ణని చెప్పాను. పెద్దపల్లి వచ్చేసరికి చెట్లు రెండు వేలయ్యాయి. రామగుండం దాటేసరికి ఐదు వేలు. రైలు ముందుకు పోయిన కొద్దీ నా అడవి పెరిగింది.

"ఉప్పునీళ్లల్ల చెట్టు బతుకుతదా? అబద్ధం!" అంది ఆవిడ.

"బతుకుతది. దాని వేర్లు బురదలకెల్లి పెన్సిళ్ల లెక్క పైకి లేస్తయ్. గా వేర్లతోటి గాలి పీల్చుకుంటది."

ఇది మాత్రం నిజం. నేను చూశాను. ఆవిడ నమ్మి నాకొక పండిన సీతాఫలం ఇచ్చింది. గోదావరి వంతెన మీద తిన్నాను. గింజలు నదిలోకి ఉమ్మాను.

మంచిర్యాలలో దిగేసరికి పన్నెండు దాటింది. బస్టాండు ఎదురుగా భోజనం చేసి చెన్నూరు బస్సెక్కాను. బస్సులో ముప్పావు వంతు ఆడవాళ్లే. వాళ్లకు టికెట్ లేదు, నాకు ఉంది. "ముసలోళ్లకు గుడ ఫ్రీ వెట్టరాదమ్మా" అంటే కండక్టరమ్మ, "చీర కట్టుకొని రా పెద్దాయినా, సూద్దాం" అంది. జైపూర్ దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు, ఆ తర్వాత రోడ్డుకు రెండు పక్కలా పత్తి. గంటంపావులో చెన్నూరు.

బడిలో నాకు మూడింటి పీరియడ్ ఇచ్చారు. ముప్పై మందికి పైగా పిల్లలు. బోర్డు మీద సరిత చెట్టు, ఎండ్రకాయ, కొంగ బొమ్మలు వేసి ఉంచింది. నేను సంచిలోంచి గవ్వలు తీసి బల్ల మీద పోశాను. తీరంలో ఏరుకొచ్చానని చెప్పాను. అవి బొంబాయిలో విమానం దిగిన రోజు ఒక దుకాణంలో కొన్నవి.

చెప్పడం నాకు వచ్చు. అదే నా జబ్బు. బల్ల పక్కన ఎండ్రకాయలా అడ్డంగా నడిచి చూపించాను. గులాబీ రంగు రాజహంసలు ముక్కు తలకిందులు చేసి బురదనీళ్లు ఎలా వడగట్టుకుంటాయో గ్లాసు, నా మీసం సాయంతో చేసి చూపించాను. చేపపిల్లలు పెద్ద చేపలకు దొరక్కుండా మడ చెట్ల వేర్ల మధ్య పెరుగుతాయని, తుఫాను వస్తే ఆ చెట్లే ముందు నిలబడి అలల దెబ్బ తింటాయని చెప్పాను. ఇందులో కొంత నేను చూసింది, మిగతాది పోయిన వారం ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నది. పిల్లలు బెంచీల మీదికి ఎక్కి చూశారు.

"ఎన్ని చెట్లు నాటినవ్ తాతా?" అని ఒకడు అడిగాడు.

"పదివేలు" అన్నాను. చప్పట్లు.

"ఎట్ల నాటాలె?"

నాకేం తెలుసు? పత్తి గింజ పెట్టడం తెలుసు. అదే చెప్పాను. గడ్డపారతో గుంత తీసి, గుంతకు రెండు గింజలు వేసి, మన్ను కప్పాలి అన్నాను.

మూడో బెంచీలో ఒక పిల్ల లేచి నిలబడింది. పేరు వర్షిణి అని తర్వాత తెలిసింది. రెండు జడలు, చేతిలో నోట్‌బుక్.

"గట్ల కాదు తాతా. గింజను ముందుగాల నీళ్లల్ల నానవెట్టాలె. పైతోలు ఊడివోతది. మొలక కనవడ్డంక గప్పుడు బురదల గుచ్చాలె. మన్ను కప్పొద్దు. మా బాపు గల్ఫ్‌ల గదే పని చేస్తడు."

నోట్‌బుక్ తెరిచి చూపించింది. తోలు ఊడిన గింజ, రెండు ఆకులు, బురద. పెన్సిల్‌తో శుభ్రంగా వేసింది.

ఆ పిల్ల చెప్పిందే సరి అని నాకు వెంటనే అర్థమైంది. అట్లా తోలు ఊడి నీళ్లలో తేలే గింజల్ని నేను గుప్పెళ్లకొద్దీ చూశాను. "నువ్వే కరెక్టు బిడ్డా" అంటే రెండు మాటలతో అయిపోయేది. కాని వెనక సరిత నిలబడి చూస్తోంది. పదివేల చెట్ల మీద పిల్లలు అప్పుడే చప్పట్లు కొట్టారు.

నేను నవ్వి అన్నాను: "గల్ఫ్ వోయినోళ్లు ఇంటికి ఫోన్ చేసి మస్తు గొప్పలు చెప్తరు బిడ్డా. నేను ఎరుగనా? మీ బాపు యాడనో గేటుకాడ కావలి ఉంటుండొచ్చు."

క్లాసంతా ఘొల్లుమంది. ఎవడో "చెప్తిమి గదనే!" అని అరిచాడు. వర్షిణి ఏడవలేదు. నోట్‌బుక్ మూసి, కూర్చుని, దాని అట్ట మీద రెండు చేతులూ పెట్టుకుంది. బెల్లు కొట్టేదాకా చేతులు తీయలేదు.

ఆ రాత్రి బస సరిత ఇంట్లో. జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. రెండో రొట్టె వేస్తూ అంది.

"మామా, గా పిల్ల మూడు నెలల సంది చెప్తున్నది, మా బాపు సముద్రంల చెట్లు నాటుతడని. ఉప్పునీళ్లల్ల చెట్లేందని పోరగాండ్లు దాన్ని ఆగం చేస్తున్నరు. అబద్ధాల వర్షిణి అంటున్నరు. నువ్వొచ్చి చెప్తే నమ్ముతరని పిలిచిన. పాఠం చెప్పరాక కాదు."

నేను రొట్టె తుంచుతూ పోయాను. మూడో రొట్టె వేస్తూ అడిగింది.

"నిజంగ నాటినవా మామా?"

"కూర జర వెయ్యి" అన్నాను.

మర్నాడు ఎనిమిదింటికి మంచిర్యాల బస్సు. ఎక్కి కూర్చున్నాను, టికెట్ కొట్టించుకున్నాను. బడి పిల్లలు బస్టాండు ముందు నుంచే పోతున్నారు. వాళ్లలో వర్షిణి ఒక్కతే వెనకగా నడుస్తోంది. ముందు పోతున్న ఇద్దరు వెనక్కి తిరిగి, నేను చూపించినట్టే ఎండ్రకాయల్లా అడ్డంగా నడుస్తూ ఆమె వైపు ఏదో అన్నారు. నా నడకే అది. నేను నేర్పిందే.

బస్సు కదలబోతుంటే దిగాను. "టికెట్ కొట్టినంక దిగుతవేంది పెద్దాయినా, పైసలు రావు" అన్నాడు కండక్టరు. రాకపోతే పోనీ అన్నాను. ఇందులో మాత్రం గొప్ప ఏమీ కలపలేదు.

ప్రార్థన అయ్యాక మొదటి పీరియడ్‌లో పది నిమిషాలు ఇమ్మని సరితను అడిగాను. ఆమె పక్కకు జరిగింది. పిల్లలు నన్ను చూసి "ఎండ్రకాయ తాత!" అని కేక పెట్టారు.

"నేను నిన్న అబద్ధం చెప్పిన" అన్నాను. "నేను ఒక్క చెట్టు గుడ నాటలే."

ఇంకో ఆట మొదలుపెట్టాననుకుని ముందు బెంచీలో నవ్వారు.

"మరి గల్ఫ్‌ల ఏం చేసినవ్ తాతా?"

భుజం మీది తువ్వాల తీశాను. "గిట్ల ఎర్ర జెండా పట్టుకొని నిలవడెటోన్ని. గా మడ చెట్లే, గదే బురద. దాన్ని పూడ్చి ఇండ్లు కట్టాలన్నరు. టిప్పర్లు మన్ను తెచ్చేటియి. నేను అంచుల నిలవడి జెండ ఊపాలె." తువ్వాల ఊపి చూపించాను. "ఆనే దో... ఆనే దో... బస్. నేను బస్ అన్నకాడ మన్ను పడేది. దినాం నూరు టిప్పర్లు."

నూరు కాదేమో. అరవై ఉంటాయి. అంత పాపంలో కూడా లెక్క పెంచానని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

"ఎండ్రకాయలు?" అంది ఒక పిల్ల.

"మన్ను వడ్డప్పుడు కొన్ని ఉరికేటియి. బొక్కలల్ల ఉన్నయి ఎల్లలే. అంచుకు బుడగలొచ్చేటియి, కొంచెం సేపు. ఒక ఎండ్రకాయ నా బూటు ఎక్కి నిలవడ్డది ఒకపారి. దులిపేసిన. రాజహంసలు రెండు దినాలు మీద తిరిగినయ్, దిగెతందుకు జాగ లేక. మూడో దినం రాలే."

వెనక బెంచీలో ఒకడు మెల్లగా అన్నాడు, "మా కాక ట్రాక్టర్ గుడ చెరువుల గట్లనే మొరం పోస్తది." ఎవరూ నవ్వలేదు.

ఇక అసలు మాట మిగిలింది. వర్షిణి వైపు తిరిగాను. "బిడ్డా, గింజ సంగతి నువ్వు చెప్పిందే నిజం. మీ బాపు చెప్పిందే నిజం. తెలిసి గుడ నా పరువు కోసం మీ బాపును తక్కువ చేసిన. గొప్పలు చెప్పినోన్ని నేను, మీ బాపు కాదు. తప్పయింది."

ఆమె లేచి నిలబడింది. ఏదో మంచి మాట అంటుందని, నా కళ్లలో నీళ్లు తిరుగుతాయని అనుకున్నాను. నిజం చెప్పాలంటే, దానికి సిద్ధంగా ఉన్నాను కూడా.

"తాతా, నువ్వు మన్ను పోసిన కాడనేనా మా బాపు నాటేది?"

"తెల్వది బిడ్డా. అయితే కావచ్చు."

"మా బాపు నాటినంక మళ్ల ఎవరన్న జెండ ఊపితే?"

చేతిలోని తువ్వాల మడిచాను. సరిత వైపు చూశాను, ఆమె కూడా నా వైపే చూస్తోంది. వర్షిణి కూర్చుని, నోట్‌బుక్ తెరిచింది. పక్క పిల్ల "ఏదీ, సూపియ్యి" అని ఆ బొమ్మ మీదికి వంగింది. ఎదుటి బెంచీవాడు కూడా తిరిగాడు. సంచిలోని గవ్వల్లోంచి పెద్దది తీసి ఆమె ముందు పెట్టాను. "ఇది గుడ కొన్నదేనా?" అని అడిగింది. అవునన్నాను. తీసుకోలేదు.

పదకొండు గంటల బస్సు పట్టుకున్నాను. మంచిర్యాలలో రైలు కోసం గంటన్నర కూర్చున్నాను. చెన్నూరు పోదలచినవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమంటే, పొద్దుటి రైలుకే బయలుదేరండి, కిటికీ వైపు కూర్చోండి, గోదావరి కనిపిస్తుంది. పిల్లలకు ఏదైనా చెప్పడానికి పోతుంటే మాత్రం, తెలిసింది ఎంతో దారిలోనే చూసుకోండి. అక్కడికి పోయాక కుదరదు.

తిరుగు రైలులో నా పక్కన ఒక నడివయసు మనిషి. నిర్మల్ నుంచి కొయ్యబొమ్మలు తెస్తున్నాడట, పెట్టెలో గడ్డి మధ్య పిట్టలున్నాయి. నేను గల్ఫ్‌కు పోయొచ్చానని మాటల్లో తెలిసి, అక్కడ ఏం పని చేశావని అడిగాడు.

"మన్ను పోసిన" అన్నాను. "సముద్రంల పచ్చగున్న కాడ."

"ఏం చేస్తం పెద్దయ్యా, పొట్టకోసమే గదా" అన్నాడు.

మంచి మనిషి, ఓదార్పుకే అన్నాడు. కాని ఆ మాట నేను ముప్పై ఏళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. అంత నమ్మకముంటే చెట్ల కథ ఎందుకు కల్పించుకున్నాను? పని చేసినందుకు కాదు నా సిగ్గు. ఒక చిన్నపిల్ల తన తండ్రి గురించి చెప్పుకున్న ఒక్క నిజాన్ని నా అబద్ధంతో పూడ్చినందుకు. ఆ తరగతిలో జెండా ఊపమని నాకు ఎవరూ చెప్పలేదు.

జమ్మికుంటలో దిగేసరికి నాలుగు దాటింది. సమ్మయ్య ఆటో బయటే ఉంది.

"ఎట్లయింది కాకా? చప్పట్లు కొట్టిండ్రా?"

"నిన్న కొట్టిండ్రు" అన్నాను.

"మరి ఇయ్యాల?"

గవ్వల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"ఇయ్యాల కొట్టలే. పోనియ్యి."