పత్తిమందు లారీ పడిన పూట

మా ఆయన పోయాక సేద్యం నేనే చూసుకునేదాన్ని. ఆ ఏడు ఏ మందు కొట్టినా పత్తిలో పచ్చపురుగు చావడం లేదు. సరిగ్గా అప్పుడే ఒంగోలు రోడ్డు మీద మా ఊరి మలుపులో పురుగుమందు లారీ బోల్తా పడింది. డ్రైవరు బతికాడు గానీ డబ్బాలు పగిలి మందంతా పక్క గుంటలోకి పారింది.

కాపలాకు వచ్చిన కానిస్టేబులు ముక్కుకు రుమాలు కట్టుకుని, "దగ్గరికి రాకండి, ముట్టుకుంటే చస్తారు" అని అరిచాడు. పత్తి రైతులకు చెప్పాల్సిన మాటా అది? "అంత ఘాటైన మందా" అంటూ పక్క ఊరివాళ్లు కూడా బిందెలతో దిగారు.

మా మరిది మా ఇంటి పాల తపేలాతో వచ్చి, మోచేతుల దాకా ముంచి తోడుతున్నాడు.

"ఒరేయ్, ఒళ్లు కాలుద్ది, బయటికి రా" అన్నాను.

"పురుగు చావాలంటే ఆ మాత్రం ఉండాలి వదినా" అన్నాడు.

ఇద్దరు పిల్లల తండ్రి. భయపెడితే వినేటట్టు లేడు. అందుకని గట్టు మీద నిలబడి అందరికీ వినబడేలా అన్నాను. "తోడుకోండి నాయనా. పోయినేడు నేను కొట్టింది ఈ డబ్బా మందే. పురుగులు బలిసి కాయలన్నీ తిన్నాయి. కల్తీ సరుకు."

బిందెలు వంపేశారు. "థూ, దొంగ సరుకు" అంటూ మరిది తపేలా గుంటలోనే పారేశాడు. వాడిని బోరింగు దగ్గరకు లాక్కెళ్లి సబ్బుతో చేతులు తోమించాను.

తిరిగొచ్చేసరికి కానిస్టేబులు రుమాలు విప్పేసి, గుంట గట్టున తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

"లే బాబూ, లే" అన్నాను. "ఆ మాట నీకు చెప్పింది కాదు."