గోడ దగ్గర నీరు ఆగుతుందా

ఆ రోజు పని ఆపింది నేనే. రాజాంలో నా ఈడువాళ్లు దాని గురించి ఇప్పటికీ నన్ను మూర్ఖుడంటారు. అననీ.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో, ఊరి బయట పల్లపు భూమిలో ధాన్యం గోదాము కట్టించడం మొదలుపెట్టాను. రైతులు కళ్లంలోంచి నేరుగా తెచ్చి, నా మాట మీద దించిపోయే ధాన్యం. ఒక్కసారి తడిసిందా, మళ్లీ నా గుమ్మం తొక్కరు. ఆ నేలలో వాన వెలిసినా ఊట ఎగదన్నుతూనే ఉంటుంది. అందుకని గచ్చు కింద కంకర పరిచి, గొట్టాలు వేసి, ఊటను బయటి కాలవలోకి పంపాలనుకున్నాం.

అక్కడే వచ్చింది పంపకం. గోడ లోపలి గొట్టాలు విజయనగరం నుంచి వచ్చే ఇంజినీరు చూసుకోవాలి. గోడ బయటి కాలవ నా బావమరిది తవ్వించాలి. వాడు కంట్రాక్టు పనులు చేసేవాడు. ఎవరి పని వారు చేశారు. తీరా గచ్చు పోసే రోజు చూద్దును కదా, గొట్టం మూతి కాలవ అడుగు కన్నా దిగువన ఉంది! ఊట బయటికి పోవడం మాట దేవుడెరుగు, కాలవ నీరే గోదాములోకి వస్తుంది.

"నా గొట్టాల వాలు సరిగానే ఉందండీ. కాలవ లోతు నాకెవరూ చెప్పలేదు," అన్నాడు ఇంజినీరు.

"నానేటి సేస్తాను బావా? నా కాలవ ఈది కాలవలో కలవాల. గోడ లోపలికి నానెందుకు తొంగి సూస్తాను?" అన్నాడు బావమరిది.

ఇద్దరి మాటా నిజమే. నా ఒళ్లు మండింది అందుకే.

"సిమెంటు కలిపేశారు, పోయించేద్దాం. కాలవ సంగతి తరవాత చూడొచ్చు," అన్నాడు ఇంజినీరు.

నేను పోయి గొట్టం మూతి పక్కన కంకర మీద చతికిలబడ్డాను. "పొయ్యండి. నా మీదే పొయ్యండి."

"లెగు బావా, జనం సూస్తన్నారు. సిమెంటు గట్టిపడిపోతాది."

"పడనీరా! గచ్చు పోసేసినాక కింద ఏటుందో ఎవుడు తవ్వి సూస్తాడు? నువ్వు సూస్తావా?"

మా పొలాల్లో పై మడి నీరు కింది మడిలోకి దిగే చోట ఇద్దరు రైతులూ కలిసి ఒక రాయి పాతుతారు, నీరు దాని మీదుగానే దిగాలి. గట్టుకి ఎవరి వైపు వారిదే గాని, ఆ రాయి ఎత్తు ఇద్దరిదీ. ఒక్కడే కదిపితే తలకాయలు పగులుతాయి. బడి మొహం చూడని నేను నీటి వాలు నేర్చుకున్నది ఆ రాళ్ల దగ్గరే. ఇక్కడేమో ఇంజినీరు కాగితం గోడ దగ్గర ఆగిపోయింది, వీడి పలుగూ గోడ దగ్గరే ఆగిపోయింది. నీరు ఆగుతుందా?

"ఈ గోడకాడ రాయి పాతండి. గొట్టం దానికి ఎగువన, కాలవ దిగువన. ఇద్దరూ కలిసి పాతితేనే లెగుస్తాను."

ఇంజినీరు విసుక్కుంటూనే బూట్లు విప్పాడు. బావమరిది గునపం అందుకుంటూ, "మా అక్క నీతో ఏలాగ ఏగతన్నాదో!" అన్నాడు.

"మీ అక్కనే అడుగు. ముందు తవ్వు."

వీధి కాలవను దించడం మా చేతిలో లేదు. కనక గొట్టాలన్నీ పీకి, కంకర ఎత్తు చేసి, మళ్లీ పరిచారు. కలిపిన సిమెంటు వీధి గుంతల పాలయింది. గచ్చు జానెడు పైకి లేచింది, గుమ్మం ఆ మేరకు పొట్టిదైపోయింది.

ఆ వానాకాలమంతా ఊట రాయి మీదుగా కాలవలోకి దిగుతూనే ఉంది. ఆ గుమ్మానికి తల కొట్టుకున్న ప్రతి కళాసీ నన్నే తిట్టాడు. తిట్టనీ. వాడి వీపు మీది బస్తా పొడిగానే ఉంది.