పల్లకీలో సేనాని

మా చరిత్ర మాస్టారు మొన్న మంగళవారం పోయారు. మాస్టారి భార్య, అమ్మగారే ఫోన్ చేశారు. "మీ మాస్టారు వెళ్లిపోయారు బాబూ. బయట ఎండ మండిపోతోంది, ఆయన ఒళ్లు మాత్రం ప్రాణం ఉండగానే, నిన్నటి నుంచీ మంచుముద్దే."

గవర్నర్‌పేటలో ఒక ట్యుటోరియల్ మేడ మీద ఆయన మాకు పాఠాలు చెప్పేవారు. పుస్తకంలో ఒక్క పేరాతో సరిపెట్టిన స్వీడన్ సేనాని కథ ఆయన నోట వారం నడిచేది. నాలుగు వందల ఏళ్ల కిందటి మనిషి. రాజుగారి కొలువులో పెరిగి, చిన్న వయసులోనే ఫిరంగిదళానికి అధిపతి అయ్యాడు. ఒక యుద్ధంలో శత్రువులకు చిక్కితే, చెమ్మ కారే కోట గదిలో దాదాపు ఏడాది పడేశారు. బయటికొచ్చేసరికి కీళ్లు పట్టేశాయి. తరవాత సైన్యమంతా తన చేతికొచ్చినప్పుడు, గుర్రం ఎక్కలేని రోజుల్లో పల్లకీలో పడుకునే నడిపించాడు. అంత వేగంగా కదిలే సైన్యం అప్పట్లో మరొకటి లేదట.

"కదలలేనివాడు కదిలించలేడని ఎవర్రా చెప్పింది?" అనేవారు మాస్టారు. అలా అంటూ అంటూ ఆగి, గోడకు అరచెయ్యి ఆనించి చూసుకునేవారు. ఎందుకని మేం అడగలేదు.

రిటైరయ్యాక ఆయన మోకాళ్లూ బిగుసుకుపోయాయి. మంచాన పడ్డారు. ఆ మంచం పక్క గోడ ఎప్పుడూ తడిగా ఉండేది. ప్లంబర్ వచ్చి, "ఈ గోడలో అసలు పైపే లేదండీ" అని వెళ్లిపోయాడు. మాస్టారు మాత్రం, "ఆ కోట గదిలోనూ ఇంతేనోయ్" అన్నారు, తానున్న ఇంటి సంగతి చెబుతున్నట్టు.

కొన్నేళ్ల కిందట వాగు పొంగి వాళ్ల కాలనీలోకి నీళ్లొచ్చిన పొద్దున, ఆయన్ని తీసుకురావడానికి పాత విద్యార్థులం నలుగురం వెళ్లాం. అప్పటికే మోకాలి లోతు. వీధిలో జనమంతా కల్యాణమండపం వైపు పోతున్నారు. మేం మంచం ఎత్తి బయటికి రాగానే మాస్టారు చెవి రిక్కించారు.

"ఆగండి. గుర్రాలొస్తున్నాయి. మండపం వైపు ఎవర్నీ పోనివ్వకండి. రైలుకట్ట మీదికి పదండి."

"కట్ట దూరమండీ మాస్టారూ. పసిపిల్లలున్నారు."

"నా మంచం మీదికెక్కించండి. పదండంటుంటే!"

ఆ గొంతు మేం ఎన్నడూ విన్నది కాదు. ఆయన కాళ్ల దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టుకుని మేం నడిస్తే, వీధి వీధంతా మా వెనక నడిచింది. కట్ట ఎక్కుతుండగా మండపం పక్క ప్రహరీ కూలింది. నీళ్లు మండపానికి పోయే సందును ఊడ్చుకుపోయాయి. ఆ హోరుకు ముందు, బురదలో డెక్కల చప్పుడు నేనూ విన్నాను. ఆ చుట్టుపక్కల గుర్రాలు లేవు.

ఆ వీధిలో ఒక్క ప్రాణమూ పోలేదు.

నీళ్లు తీశాక అడిగాను: "మీకెలా తెలిసింది మాస్టారూ?"

"నాకేం తెలుసురా? ఆయన లేపాడు, లేచాను."

అమ్మగారు నన్ను వంటింట్లోకి పిలిచారు. "నీళ్లొచ్చిన రోజు తెల్లారగట్ల నుంచీ ఏదో భాషలో మాట్లాడుతూనే ఉన్నారు బాబూ. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మధ్యమధ్యలో ఆగేవారు, ఎదుటివాళ్లు చెప్పేది వింటున్నట్టు."

పాఠాల్లో ఆయన చెప్పిన తేదీలు నాకిప్పుడు గుర్తు లేవు. ఆ మంచం మీద కూర్చుని గట్టెక్కిన పిల్లలు ఇవాళ బడికెళ్తున్నారు. మాస్టారి గురించి ఇంతకంటే పెద్ద మాట నాకు చేతకాదు.

నిన్న ఆయన అస్థికలు కృష్ణలో కలిపి వచ్చాం. ఇసుకలో తెల్లకొంగలు బారులు తీరి నిలబడి ఉన్నాయి. మేం వాటి మధ్యలోంచే నడిచి వచ్చాం. ఒక్కటీ ఎగరలేదు.