లాన్ చుట్టూ గట్టు

గడ్డి మీద నాకు గౌరవం లేదు. చల్లపల్లి దగ్గర మా పుట్టింటివాళ్లు గానీ, అత్తింటివాళ్లు గానీ పొలంలోంచి గడ్డి పీకించారే తప్ప, కొని తెచ్చి నాటిన పాపాన పోలేదు. ఆ ఘనత మా ఆయనకే దక్కింది. బ్యాంకులో రిటైరైన మూడో నెలలో, విజయవాడ శివార్లలో మేం కట్టుకున్న ఇంటి ముందు రెండు సెంట్ల జాగాలో లాన్ వేయించారు. ఎదురింటాయన పొద్దున్నే వట్టి కాళ్లతో తన లాన్ మీద నడుస్తూ ఫోన్ మాట్లాడతాడు. ఆ వైభోగం చూసి ఈయనకు నిద్ర పట్టలేదు.

లారీలో గడ్డి చాపలు చుట్టలుగా దిగాయి. పరిచాక చూస్తే, మా నాన్న గట్ల మీద పారతో చెక్కించే గరికలాగే ఉంది. ఆ మాటే అంటే, "ఇది వేరే రకం, నీకేం తెలుసు?" అన్నారు. ముప్పయ్యేళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినా, మొక్కల గురించి నాకేమీ తెలియదని ఆయన నమ్మకం.

కొయ్యడానికి భాయి వచ్చేవాడు. కాలనీలో అందరూ అలాగే పిలిచేవారు. యాభై దాటిన మనిషి. ఆటోనగర్‌లో గ్రైండింగ్ షాపులో ఇరవయ్యేళ్లు పనిచేస్తే ఆ ఇనుప దుమ్ముకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఇక అక్కడ ఉంటే బతకవని డాక్టరు చెప్పాక, గడ్డి కోసే మెషీను ఒకటి కొనుక్కున్నాడు. మా కాలనీ ఇళ్లే అతనికి ఆధారం. బ్లేడు తనే పదును పెట్టుకునేవాడు. మొద్దు బ్లేడు ఆకును కొయ్యదనీ, చీలుస్తుందనీ, అందుకే కొసలు తెల్లబడతాయనీ నాకు చెప్పింది అతనే.

"రోజూ నీళ్లు పెట్టమాకండి సార్," అన్నాడు మొదటిరోజే. "మూడు నాలుగు రోజులకోసారి తెల్లారగట్ల పెట్టండి, జానెడు లోతుకి దిగేటట్టు. పైన మట్టి ఆరేదాకా మళ్లీ పైపు ముట్టుకోమాకండి. మనది నల్లరేగడండీ, నీళ్లు ఒక పట్టాన వదలదు."

మా ఆయన నవ్వారు. "పదెకరాల మాగాణి చేసిన కుటుంబమయ్యా మాది. నీళ్లు పెట్టడం నువ్వు నేర్పుతావా నాకు?"

పదెకరాల మాగాణి ఉండేది, నిజమే. నీళ్లు కట్టింది మాత్రం కౌలు రైతు. ఈయన చెప్పులు విడిచి ఆ గట్టెక్కడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఏప్రిల్ ఎండలకు గడ్డి కాస్త వాడింది. అంతే, ఈయన లోపలున్న ఆసామి నిద్రలేచాడు. ఒక ఆదివారం పార తెచ్చి, వరి మడికి కట్టినట్టు లాన్ చుట్టూ జానెడెత్తు గట్టు కట్టారు. సాయంత్రం పైపు వదిలేసి టీవీ ముందు కూర్చునేవారు. పొద్దున్నే చూస్తే మడి నిండుగా నీళ్లు, కొంగలొక్కటే తక్కువ. నాలుగో రోజుకు అవీ వచ్చాయి. పచ్చదనం కోసమని పైనుంచి దోసిళ్లతో యూరియా చల్లారు.

నేను కాఫీ గ్లాసుతో వరండాలో కూర్చుని ఈ వ్యవసాయం చూసేదాన్ని. నీళ్లు నిలిస్తే వేరుకు గాలాడదనీ, కుళ్లి చస్తుందనీ నాకు తెలుసు. ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో ఆ పాఠం. ఒక్క మాట అనలేదు. అంటే నాకేం తెలుసంటారు. అసలు సంగతి చెప్పాలంటే, అది చస్తే ఈయన మొహం ఎలా ఉంటుందో చూడాలని నా సరదా.

మే నెలలో బ్యాంకు స్నేహితుల్ని భోజనానికి పిలిచారు. వాళ్లు నవ్వుతారని గట్టు చెరిపేసి, భాయిని పిలిచి గడ్డి నున్నగా గుండు కొట్టినట్టు కొయ్యమన్నారు.

"ఈ ఎండల్లో మూడో వంతుకు మించి తియ్యకూడదండి," అన్నాడు భాయి.

"చెప్పింది చెయ్యవయ్యా."

చేశాడు. భోజనాల రోజుకు లాన్ ఎండుగడ్డి రంగుకు తిరిగింది. మధ్యలో నల్లటి మచ్చలు, మురుగు వాసన. స్నేహితుల ముందు ఈయనకు తల కొట్టేసినట్టయింది. ఎదురింట్లో పనిచేసుకుంటున్న భాయిని పిలిపించి, అందరి ముందూ, "మొద్దు బ్లేడుతో పీకి పారేశావు, మొత్తం మాడ్చేశావు," అని కేకలేశారు.

భాయి వంగి ఒక గడ్డి కుచ్చు పీకాడు. నల్లబడ్డ వేరు చూశాడు. దాన్ని అక్కడే పెట్టి, లేచి వెళ్లిపోయాడు. నేను చేతిలో పెరుగు గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉన్నాను. వచ్చినవాళ్ల ముందు మొగుణ్ణి చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నాననుకున్నాను. అది కూడా అబద్ధమే. వాడిపోయిన ఆయన మొహం చూస్తూ లోపల్లోపల సంబరపడుతున్నాను.

ఆ సాయంత్రమే ఈయన కాలనీ వాట్సాప్ గ్రూపులో భాయి పనితనం గురించి ఇంత పొడుగున రాశారు. నెల తిరిగేలోపు ఒక్కో ఇల్లూ అతన్ని మానిపించింది.

వానాకాలం పోయాక మళ్లీ లాన్, మళ్లీ గట్టు. అదీ కుళ్లింది. ఈసారి తిట్టడానికి భాయి లేడు కాబట్టి నర్సరీవాణ్ణి తిట్టారు. అప్పుడు నాకు ఒళ్లు మండి, కాలనీలో అందరికీ నేనే నిజం చెప్పి భాయిని మళ్లీ పిలిపిద్దామని, అతని ఆచూకీ అడగడానికి ఆటో ఎక్కి ఆటోనగర్‌లో పాత షాపుకు వెళ్లాను.

మూతికి రుమాలు కట్టుకుని, అదే షాపులో చక్రం ముందు కూర్చుని ఉన్నాడు. మెషీను అమ్మేశాడట. నన్ను చూసి లేచి, స్టూలు తుడిచి వేశాడు. రెండు మాటలకోసారి దగ్గు.

"తప్పు నీది కాదు భాయ్. మా ఆయన గట్టు కట్టి నీళ్లు నిలవగట్టారు," అన్నాను.

"తెలుసండీ. వేరు చూడంగానే తెలిసింది."

"మరి ఆ రోజే చెప్పలేకపోయావా?"

"సారు ముందు నేనేం చెప్తానమ్మా? మీరు గుమ్మంలోనే ఉన్నారు గదా. టీచరమ్మగారు, మీరు చెప్తార్లే అనుకున్నా."

కోపంగా అనలేదు. చక్రం తిరిగింది, రుమాలు పైకి లాక్కున్నాడు. మళ్లీ కాలనీకి రమ్మని అడగడానికి వెళ్లినదాన్ని, అడగకుండానే వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన వరండాలో నిలబడి, మూడో లాన్ గురించి ఎవరితోనో ఫోన్‌లో బేరమాడుతున్నారు. గట్టు ఇంకాస్త ఎత్తు ఉండాలేమో అంటున్నారు. వెటకారంగా ఒక మాట అనబోయి ఆగాను. ఈయన తెలియక చేశారు, నాకు మొదటిరోజు నుంచీ తెలుసు.